నంబరు లేని పిస్తోలు

నేను ఒక పిస్తోలుని. క్షమించమని అడగడానికి నోరు విప్పడం లేదని ముందే చెబుతున్నాను. నన్ను చేసింది మనుషుల్ని కాల్చడానికే. ఆ పని కనిపెట్టిన మనుషులే ఇప్పుడు మ్యూజియంలో నా అద్దాల పెట్టె ముందు నిలబడి, "అబ్బ, ఎంత భయంకరమైన వస్తువో!" అని మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి. మీరు మాత్రం కాసేపు నిలబడి నా కథ వినండి.

నా జాతి పేరు విస్. లాటిన్ భాషలో ఆ మాటకు బలం అని అర్థం. పోలండు సైన్యం తన అధికారుల కోసం సొంత ఇంజనీర్లతో గీయించి, రాడోం పట్టణంలో చేయించుకున్న పిస్తోళ్ళం మేము. యుద్ధానికి ముందు పుట్టిన నా అన్నల ఒంటి మీద కిరీటం పెట్టుకున్న గద్ద ఉండేది. అది ఆ దేశపు ముద్ర. 1939లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు. కర్మాగారాన్ని మాత్రం మూయలేదు. మేం ఎంత బాగా పేలతామో వాళ్ళకు తెలుసు. గద్దను తీసేసి, తమ ముద్ర కొట్టి, అవే యంత్రాల మీద ఆ పనివాళ్ళ చేతనే తమ సైన్యానికి మమ్మల్ని చేయించుకున్నారు. ఓడినవాడి ఒంట్లో ఏదీ మిగలకూడదంటారు గానీ, వాడి చేతిలోని పనితనం మాత్రం కావాలి మనుషులకు.

నేను పుట్టింది 1942 వేసవిలో, ముక్కలు ముక్కలుగా. మొదట ఫ్రేము, అంటే పిడితో కలిసిన నా అడుగుభాగం. దాన్ని చెక్కినవాడి పేరు దమాజి. నలభై దాటినవాడు, ఎడమ చేతి చూపుడువేలు సగమే ఉన్నవాడు. తన యంత్రం మీద రోజుకొక ముక్క ఎక్కువ చేసి, దాని మీద నంబరు కొట్టకుండా వదిలేసేవాడు. ఆ ముక్క తనిఖీ బల్ల దగ్గరికి వెళ్ళేది. అక్కడ గెనోవేఫా అనే ఇరవై ఆరేళ్ళ అమ్మాయి కూర్చునేది. ప్రతి ముక్కనీ గేజితో కొలిచి, కొలత తప్పినదాని మీద ఎర్ర రంగు పూసి చెత్తబుట్టలో వేయడం ఆమె పని. నా ఫ్రేములో వెంట్రుకవాసి తేడా కూడా లేదు. అయినా ఎర్ర రంగు పూసింది. అలా నేను చెత్తనయ్యాను. ఆ తర్వాత ఎవరెన్ని పేర్లు పెట్టినా నాకు నొప్పి తెలియలేదు.

ఆ సాయంత్రం ఆమె సూపు డబ్బా అడుగున, ఎర్రటి బీట్‌రూట్ చారులో మునిగి గేటు దాటాను. కాపలావాడు మూత తీసి చూసి, ముక్కు మూసుకుని పొమ్మన్నాడు. జర్మన్లతో పోరాడే మావాళ్ళ రహస్య సైన్యం అడవుల్లో ఉంది, దాని చేతుల్లో ఆయుధాల్లేవు. ఆ చేతుల కోసమే ఈ ముక్కలు ఇల్లు చేరుతున్నాయి.

తర్వాత రావలసింది నా స్లయిడు, అంటే పైన వెనక్కీ ముందుకీ జారే భాగం. గేటు దగ్గర సోదాలు పెరిగాయని గెనోవేఫా భయపడింది.

"ఒక్క వారం ఆగుదాం దమాజి గారూ" అంది.

"ఆగితే చేతులకి భయం అలవాటైపోద్దమ్మా. ఈసారి నేను పట్టుకెళ్తాలే. నువ్వు మామూలుగా ఇంటికెళ్ళు."

స్లయిడును రొట్టెలో పెట్టుకుని బయల్దేరాడు. ఆ రోజు కాపలావాడు రొట్టె విరిచి చూశాడు.

ఎవరిచ్చారని అతన్ని పది రోజులు అడిగారు. ఎలా అడిగారో నేను చెప్పను. దమాజి తన పేరు తప్ప ఇంకే పేరూ చెప్పలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం గేటు ముందు ఉరికంబం కట్టి, పనివాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి చూడమన్నారు. గెనోవేఫా రెండో వరసలో ఉంది. పక్కనున్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఆమె దించలేదు. అతను తనను వెతుక్కుంటాడేమో, కనపడకపోతే ఒంటరినైపోయాననుకుంటాడేమో అని అలా నిలబడిందట. ఈ సంగతి ఆమె జీవితంలో ఒక్కరికే చెప్పింది. అప్పుడు నేను ఆమె ఒళ్ళో ఉన్నాను.

మర్నాడు ఆమె పనికి వెళ్ళింది. వెళ్ళడమే కాదు, మరో మంచి స్లయిడు మీద ఎర్ర రంగు పూసి, గుడ్డతో తొడకు బిగించి కట్టుకుని, కుంటుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది.

"కాలికేమైంది?" అన్నాడు కాపలావాడు.

"పెట్టె మీద పడింది."

"ఇంకెప్పుడూ డాన్సు చెయ్యలేవు నువ్వు" అని నవ్వి పంపేశాడు. వాడి నవ్వు పుణ్యమా అని నాకు పైభాగం దొరికింది.

ఉరి చాలలేదేమో, జర్మన్లు ఇంకో జాగ్రత్త పడ్డారు. తూటా దూసుకుపోయే గొట్టాలు ఇక రాడోంలో చేయకూడదన్నారు. ఆ పనిని ఆస్ట్రియాకు తరలించారు. గొట్టం లేని పిస్తోలు సుత్తిగా కూడా పనికిరాదు. గెనోవేఫా నన్ను తెయోఫిల్ అనే ముసలాయన దగ్గరికి తీసుకుపోయింది. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఆయనది. వయసులో ఉన్నప్పుడు వేటగాళ్ళ తుపాకులు బాగుచేశాడు. ఆమె ఆయనకు ఉరి సంగతి చెప్పింది, తాను తల ఎందుకు దించలేదో చెప్పింది. ఆయన ఎక్కడి నుంచో పాత యంత్రపు ఇరుసు ముక్క తెచ్చాడు. నాలుగు నెలలు దాన్ని కాల్చాడు, చల్లార్చాడు, తొలిచాడు. తూటాను తిప్పి పంపే లోపలి మెలికలు చేత్తోనే కోశాడు.

"బిగించానమ్మా, తూటాలూ నింపాను. కానీ పేల్చి చూడ్డానికి లేదు, చప్పుడుకి వీధంతా వస్తారు" అన్నాడు. "మొదటి తూటాకే గొట్టం పగిలితే నీ చెయ్యి ఉండదు. ఎంత అవసరమైతేనో తప్ప వాడకు."

ఆ అవసరం వారంలోనే వచ్చింది. నన్ను రహస్య సైన్యానికి చేర్చడానికి గెనోవేఫా కొట్టుకు వచ్చిన ఉదయమే ఇద్దరు జర్మన్ పోలీసులు తెయోఫిల్‌ను పట్టుకుపోవడానికి వచ్చారు. ఒకడు ముసలాయన్ని గోడకేసి నొక్కాడు. రెండోవాడు ఆమె వైపు తుపాకి ఎత్తుతున్నాడు. ఆమె నన్ను బుట్టలోంచి తీసింది. ఆమె అరచేతి చెమట నాకు తగిలింది. ఆ క్షణంలో ఆమెకు తెలిసిందల్లా ఒకటే, ఎదుటివాడు పోవచ్చు, లేదా తన చెయ్యి పోవచ్చు.

గొట్టం పగల్లేదు.

పడినవాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. ముసలాయన్ని నొక్కి పట్టినవాడు తన తుపాకి వదిలేసి వీధిలోకి పరుగెత్తాడు. గెనోవేఫా కదల్లేదు, పడినవాడి మొహమే చూస్తోంది. తెయోఫిల్ ఆమె మోచెయ్యి పట్టి లాగాడు.

"నడు తల్లీ! ఏడుపు అడవిలో ఏడుద్దువుగాని, నడు!"

వెనక తలుపులోంచి బయటపడ్డారు. నిజంగానే అడవిలో ఏడ్చింది. అక్కడి సైనికులు భుజం తట్టి శభాష్ అంటుంటే ఇంకా ఏడ్చింది. నేను గర్వపడలేదు. సిగ్గూ పడలేదు. ఆ గదిలో ఎవరు ఎవరి ఇంటికి వచ్చారో నాకు తెలుసు. దళనాయకుడు నన్ను ఆమె దగ్గరే ఉంచాడు. యుద్ధం ముగిసేదాకా ఆమెతోనే ఉన్నాను. మళ్ళీ పేలవలసిన పని రాలేదు.

జర్మన్లు పోయి కమ్యూనిస్టుల కొత్త ప్రభుత్వం వచ్చింది. రహస్య సైన్యంలో పనిచేసినవాళ్ళంటే దానికీ అనుమానమే. ఆయుధాలన్నీ అప్పగించాలని గోడల మీద కాగితాలు అంటించారు. గెనోవేఫా నాకు బాతు కొవ్వు పూసి, మైనపు గుడ్డ చుట్టి, వంటింటి పెంకుల పొయ్యి వెనక ఇటుకల్లో పెట్టి సున్నం కొట్టింది. మూడు వారాల తర్వాత ఆమెను తీసుకెళ్ళారు. ఎనిమిది నెలలు జైల్లో పెట్టారు. తిరిగొచ్చేసరికి ముప్పై ఏళ్ళకే జుట్టు సగం తెల్లబడింది. వచ్చిన రోజు పొయ్యి వెలిగించి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. "చెప్పలేదు" అంది, అంతే.

ఆ వెచ్చదనంలో నలభై ఆరేళ్ళున్నాను. తుప్పు పట్టనిచ్చానా? లేదు.

ఆ ప్రభుత్వమూ పోయాక, డెబ్బై దాటిన గెనోవేఫా గోడ పగలగొట్టించి, నన్ను కూరల సంచిలో పెట్టుకుని మ్యూజియానికి వచ్చింది. అక్కడి అధికారి, కళ్ళజోడు పెట్టుకున్న మర్యాదస్తుడు, నన్ను తిప్పి తిప్పి చూశాడు.

"నంబరు లేదమ్మా. జర్మన్ల ఆధీనంలో ఉన్నప్పటి ముక్కలు. కర్మాగారం నుంచి దొంగిలించిన జర్మన్ పిస్తోలని రాసుకుంటాను."

ఆమె చెయ్యి చాచి నన్ను లాక్కుంది. మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది.

"దొంగిలించారా? గీసింది మావాళ్ళు. యంత్రాలు మావి. దీనికోసం ఉరెక్కినవాడు మావాడు. మాది మేం ఇంటికి తెచ్చుకున్నాం నాయనా. అలా రాస్తే రాయి. లేకపోతే నేను బస్సుకి పోతాను."

తలుపు దాకా వెళ్ళిపోయింది కూడా. అధికారి కుర్చీలోంచి లేచి ఆమె వెనకే పరుగెత్తాడు. రాసింది కొట్టేసి, ఆమె చెప్పినట్టు, ఆమె ఎదురుగానే రాశాడు. పోలండు సైనిక పిస్తోలు, రాడోం పనివాళ్ళు తయారుచేసినది.

ఇంకొకటి మిగిలింది. మళ్ళీ పేలకుండా గొట్టానికి అడ్డంగా బెజ్జం వేసి మేకు దిగ్గొట్టాలని నిబంధన. "నేను చూస్తుండగా చెయ్యండి" అందామె. మ్యూజియం మెకానిక్కు నన్ను బల్లకు బిగించి డ్రిల్లు మొదలుపెట్టాడు. కీచుమంది. డ్రిల్లు ముల్లు పుటుక్కున విరిగింది. ఇంకోటి పెట్టాడు. అదీ విరిగింది. చెమట తుడుచుకుంటూ, "ఎవరు చేశారండీ ఈ గొట్టాన్ని!" అన్నాడు. పళ్ళు లేని నోరంతా తెరిచి గెనోవేఫా నవ్వింది. ఆమె నవ్వు నేను వినడం అదే మొదటిసారి.

మూడో ముల్లుతో వాళ్ళ పని అయింది. నేను లొంగిపోయానని మాత్రం ఎక్కడా రాయకండి.