అందరూ చదివిన తీర్మానం

ఏలూరు పవర్‌పేటలోని కొల్లేటి వ్యూ అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిదింటికి కుళాయిలు వాటంతటవే ఆగిపోతాయి. గేటు దానంతటదే మూసుకుంటుంది. పన్నెండు ఫ్లాట్లవాళ్లూ చదివిన నియమాన్ని ఆ బిల్డింగే అమలు చేసుకుంటుంది. ఒక్క ఇంటివాళ్లు చదవకపోయినా ఇటుక కదలదు. అద్దెకు దిగేవాళ్లకు అడ్వాన్సు తీసుకునేటప్పుడే ఈ సంగతి చెప్పేస్తారు.

కొత్తగా జాయింట్ సెక్రటరీ అయిన చాందిని బీరువా సర్దుతుంటే రెండేళ్ల కిందటి తీర్మానం కంటబడింది. మూడో అంతస్తు హన్నమ్మ టీచరుగారి చక్రాల కుర్చీ కోసం లిఫ్టు ముందు మెట్లను ర్యాంపుగా మార్చాలని అందులో ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు, కాగితం బీరువాలోకి వెళ్లింది. టీచరుగారు మాత్రం తుంటి విరిగాక చర్చి ముఖం చూడలేదు. ఈ సోమవారం ఫ్లాటు ఖాళీ చేసి గుండుగొలనులో చెల్లెలింటికి వెళ్లిపోతున్నారు.

"కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేస్తానండీ," అంది చాందిని.

సెక్రటరీ కామరాజుగారు ఉలిక్కిపడ్డారు. "సంఘం కాగితాలు వీధిన పెడతావా అమ్మాయ్?"

"వీధిన కాదు బాబాయిగారూ, మన పన్నెండు ఫ్లాట్ల ఫోన్లలో."

"ఎవరు చదువుతారమ్మా?"

"నేను చదివిస్తాను." బీరువా తాళంచెవి తన చేతిలో పడేదాకా చాందిని చాపిన చెయ్యి దించలేదు.

శుక్రవారం ఫైళ్లన్నీ ఫోటోలు తీసి, వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టింది. పది నిమిషాల్లో వరసగా దండాల బొమ్మలు వచ్చాయి. మెట్లు మెట్లలాగే ఉన్నాయి. ఎవరెవరు తెరిచారో చూస్తే ఒక్కటే పేరు, తనది.

శనివారం ఇల్లిల్లూ తిరిగింది.

"దండం పెట్టాను కదమ్మా!" అంది పక్కింటి శకుంతల, కూర కలుపుతూ.

"దండం దేవుడికి పెట్టండి అత్తయ్యగారూ. దీన్ని చదవండి." స్టవ్ కట్టేసి, గుమ్మంలో చతికిలబడింది చాందిని.

కామరాజుగారు కళ్లజోడు వెతుక్కుని చదివారు. "ఇది నేనే రాశానా?"

"మీరేనండీ. సంతకం కూడా భలేగా పెట్టారు."

సాయంత్రానికి పదకొండు ఫ్లాట్లు అయ్యాయి. మెట్లు కదల్లేదు. చాందిని మళ్లీ లెక్కేసుకుని నాలిక కరుచుకుంది. మిగిలింది టీచరుగారే. ఆవిడ చేత చదివించాలని తనకు కూడా తోచలేదు.

టీచరుగారి హాలంతా అట్టపెట్టెలు.

"దండం పెట్టేశానమ్మా," అన్నారావిడ. "వెళ్లిపోయేదాన్ని, సంఘం కాగితాలు నాకెందుకు?"

చాందిని ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. పిల్లల కాంపోజిషన్ దిద్దుతున్నట్టు వేలితో వరస వరసా చదువుతూ, తన పేరు దగ్గర ఆగిపోయారు.

"నా కోసం మీటింగు పెట్టుకున్నారా? నేనప్పుడు ఆసుపత్రిలో ఉన్నాను. ఒక్కరూ చెప్పలేదే!"

"ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అనుకున్నామండీ అందరం."

ఆవిడ మిగతా రెండు వరసలూ చదివారు. కింద మెట్ల గ్రానైటు తీరిగ్గా ఒళ్లు విరుచుకున్న చప్పుడైంది.

ఆదివారం పొద్దున్న హన్నమ్మగారు తెల్లచీర కట్టుకుని, చక్రాలు తనే తిప్పుకుంటూ గేటు దాకా వచ్చారు. అక్కడ ఆగి చెల్లెలికి ఫోన్ చేశారు.

"మెర్సీ, రేపు బండి పంపొద్దే. నాకు చర్చికి టైమవుతోంది. వచ్చే నెల ఇక్కడ మీటింగు కూడా ఉంది, నేను లేకపోతే వీళ్లు చప్పట్లు కొట్టి లేచిపోతారు."