హెల్మెట్ లేని బళ్లన్నీ మా సందులోకే

బడి వదిలాక నా కూతురు శ్రావణి మా సందు మలుపు దాటుతుంటే ఏదో ఒక బండి వచ్చి గుద్దేస్తుందని నా భయం. దీన్ని మించిన భయం నాకు ఇంకొకటి లేదు. ఒకటో తరగతి పిల్ల. కుడివైపు చూడమంటే ఏ చెయ్యి కుడిదో ముందు ఆలోచిస్తుంది.

మాది శ్రీకాకుళంలో నాగావళి గట్టుకు దగ్గర్లో ఉన్న సందు. ఆటో వస్తే మనిషి గోడకి అతుక్కోవాలి. అలాంటి సందులోకి బళ్లు అంత జోరుగా ఎందుకొస్తాయంటే, పోలీసుల వల్లే. పెద్ద రోడ్డు కూడలిలో వాళ్లు హెల్మెట్ల కోసం కాపు కాస్తారు. దూరం నుంచి ఖాకీ చొక్కా కనబడగానే హెల్మెట్ లేనివాడు బండి తిప్పి మా సందులో దూరతాడు. ఎవరైనా వెంటపడ్డారేమోనని వెనక్కి చూస్తూ నడుపుతాడు. ముందు పిల్లలుంటారు.

మలుపులో మొదటి ఇల్లు కూర్మమ్మత్తది. చుట్టరికం లేదు, పిలుపు వరసే. బడి వదిలే వేళకి ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి సరిగ్గా దారి మధ్యలో వేసుకుని కూర్చుంటుంది. బళ్లు ఆగక తప్పదు.

"రోడ్డు నీదేటి ముసిలీ?" అంటారు కుర్రాళ్లు.

"నాదే. నీది అక్కడున్నాది, పెద్దది. పోలీసులున్నారని ఇలగొచ్చినావు కాదేటి? ఆగు. పిల్లల్ని ఎల్లనీ."

పిల్లలు నవ్వుకుంటూ దాటేస్తారు. నేను బజారులో కుట్టు కొట్టుకి పోతాను, ఆ వేళకి రాలేను. ఆవిడ ఉందనే ధైర్యంతోనే మిషను ముందు కూర్చుంటాను.

కిందటి నెల మా వీధిలో పోలీసుల మీటింగు పెట్టారు. శామియానా, మైకు, బ్యానరు. మా వీధి పెద్ద నారాయణమూర్తి గారు తన ఖర్చుతో మలుపు స్తంభానికి కెమెరా పెట్టించారని ఆయనకి శాలువా కప్పారు. ఎవరైనా మాట్లాడొచ్చంటే నేను లేచాను. తొమ్మిదిలోనే బడి మానేసినదాన్ని. మైకు పట్టుకోవడం అదే మొదలు.

"సార్, మీరక్కడ ఆపితే ఆలందరూ మా సందులోకే వస్తన్నారు. ఇక్కడ స్పీడు బ్రేకరు ఏయించండి. నేదంటే ఓ మనిషిని నిలబెట్టండి" అన్నాను.

మా బీటు కానిస్టేబుల్ గిరిబాబు నవ్వాడు. "స్పీడు బ్రేకరు మున్సిపాలిటీ పనమ్మా. మాకే మనుషులు సాలట్లేదు. కెమెరా వచ్చింది కదా, ఇంకేటి భయం?"

అందరూ చప్పట్లు కొట్టారు. దేనికో నాకిప్పటికీ తెలీదు. మున్సిపాలిటీకి వెళ్తే, పోలీసులు చెబితే వేస్తామన్నారు.

మొన్న కరెంటు లేక కొట్టు ముందే మూసేస్తే ఇంటికి వస్తున్నాను. మలుపు ఇంకా పది అడుగులుందనగా ఒక బండి నన్ను రాసుకుంటూ పోయింది. నడిపేవాడి తల వెనక్కి తిరిగి ఉంది. శ్రావణి సరిగ్గా దారి మధ్యలో ఉంది. కూర్మమ్మత్త లేచి పిల్ల రెక్క పట్టి లాగింది. బండి కుర్చీని ఎగరగొట్టి, ఆవిడ పాదం మీంచి పోయింది. వాడు ఆగలేదు.

స్టేషనుకి వెళ్లాను.

"బండి నంబరు సూసినావా?" అన్నాడు గిరిబాబు.

"నా కూతుర్ని సూసినాను సార్. నంబరు సూడలేదు."

కెమెరా చూద్దామని నన్ను నారాయణమూర్తి గారింటికి తీసుకెళ్లాడు. అందులో ఆయన గేటుంది, ఆయన కారుంది. మలుపు లేదు.

"కొంచెం ఇటు తిప్పండి బాబుగారూ" అని బతిమాలాను.

"కారు మీద ఎవులో గీతలు గీసేస్తన్నారనే కదమ్మా నాను పెట్టించినాను!"

గిరిబాబు నా వైపు తిరిగాడు. "అసలా ముసలమ్మని నడిరోడ్డు మీద కుర్సీ ఏసుకోమన్నది ఎవులు? కేసు రాస్తే ముందు ఆవిడ మీదే రాయాలి."

చెప్పాల్సింది చాలా ఉంది. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ అన్నీ ఆ గిన్నెలకే చెప్పాను.

కూర్మమ్మత్త పాదం బూరెలా పొంగింది. ఆసుపత్రికి రమ్మంటే కసిరింది. "ఓలమ్మీ, అక్కడ లైన్లో కూకుంటే ఇక్కడ బడొదిలిపోదేటి? పసుపు రాసినాను, తగ్గిపోతాది. నువ్వు కొట్టుకి పో."

మర్నాటి నుంచి విరిగిన కుర్చీ బదులు పీట వేసుకుని మళ్లీ అక్కడే కూర్చుంటోంది. పాదం చీర కుచ్చిళ్ల కింద దాచుకుంటోంది. ఇప్పుడు నాకు ఆవిడ గురించి కూడా భయమే. పీట మీంచి ఆవిడ చటుక్కున లేవలేదు.

మీలో ఎవరైనా బడి వదిలే వేళకి ఆ గట్టు వైపు వెళ్తే, బండి కాస్త పక్కన ఆపి, కాలెలా ఉందని ఆవిడని అడగండి. బాగానే ఉందంటుంది. నమ్మకండి. లేచి రెండడుగులు వెయ్యమనండి. వెయ్యలేకపోతే, నేనన్నా వినని మనిషి మీరంటే వింటుందేమో, ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లలు దాటేశాకే వస్తానంటుంది. అంతసేపూ ఆవిడ పక్కన నిలబడండి.