నానబెట్టిన తీగ

కంప్యూటరు మీద దుమ్ము తుడవడం రాజమణి పని. దాన్ని ముట్టుకోకుండా ఉండడమూ రాజమణి పనే. ఈ రెండూ ఒకేసారి ఎలా చెయ్యాలో మొగుడు లక్ష్మీరాజం ఇంతవరకూ చెప్పలేదు. తొంభై ఆరులో కరీంనగర్‌లో తమ ఇంటి ముందుగదిలోనే కంప్యూటరు నేర్పే సెంటరు పెట్టాడాయన. చేరేవాళ్ల ఫారాలు నింపేది, సర్టిఫికెట్ల మీద గుండ్రంగా పేర్లు రాసేది రాజమణి. "నేను గూడ నేర్చుకుంట" అని పోయిన దసరాకు అడిగితే, "బీడీలు చుట్టిన చేతులకు గిదెందుకే?" అని నవ్వాడు. ఆ బీడీలు చుట్టే కదా తల్లి పోశవ్వ ఆమెను ఇంటరుదాకా చదివించింది! 

ఆ ఆదివారం క్లాసులు లేవు. లక్ష్మీరాజం, అతని దోస్తు అంతయ్య పొద్దుటినుంచీ కంప్యూటరులో ఒక ఆటకు అతుక్కుపోయారు. ఓడ మునిగి దీవిలో చిక్కుకున్న మనిషి, అక్కడ దొరికిన వస్తువులతోనే తెప్ప కట్టుకుని బయటపడాలి. దుంగలున్నాయి, తీగ ఉంది. కట్టిన ప్రతిసారీ తీగ పుటుక్కున తెగిపోతోంది. మూడోసారి చాయ్ తెచ్చిన రాజమణి కాసేపు నిలబడి చూసింది.

"ఎండిన తీగ గద, తెగకేంజేస్తది? జర నీళ్లల్ల నానబెట్టుండ్రి" అంది.

"తునికాకు అనుకున్నవా? గిది లాజిక్. పోయి వంట జూడు" అన్నాడు లక్ష్మీరాజం, ఆమె వైపు తిరగనైనా తిరగకుండా. అంతయ్య కప్పులోకి చూసుకుంటూ నవ్వాడు.

అవును, బీడీలు చుట్టే తునికాకే అనుకుంది. ఎండాకును చుడితే చిట్లుతుందని, నానబెట్టి తడి గోనెసంచిలో చుట్టి ఉంచాలని ఏడేళ్లప్పుడే పోశవ్వ నేర్పింది. అది లాజిక్ కాదట! వేళ్లరిగేలా పనిచేసి అవ్వ సంపాదించిన తెలివి అసలు తెలివే కాదట! కూర కలుపుతున్నంతసేపూ ఆమె ఒళ్లు మండుతూనే ఉంది.

తిన్నాక వాళ్లిద్దరూ బజారుకు పోయారు. రాజమణి తుడిచేగుడ్డ పక్కన పడేసి కుర్చీలో కూర్చుంది. మౌసు పట్టడం ఏడాదిగా చూస్తున్న పనే. తీగను తీసుకుపోయి తెరమీది వాగులో వేసింది. దాని రంగు మారింది. దుంగలకు చుట్టింది. తెగలేదు. తెప్ప తయారై నీళ్లమీద ఊగుతుంటే, గదిలో ఎవరూ లేకపోయినా "సూసినవా అవ్వా" అంది పైకే.

తిరిగొచ్చిన అంతయ్య తెప్పను చూసి నోరు తెరిచాడు. "అరె, ఎట్లయిందిరా గిది?"

లక్ష్మీరాజం ఒక్కసారి రాజమణి వైపు చూశాడు. అతనికి అర్థమైంది. అయినా ఏమాత్రం తడబడకుండా, "పోయేముందు నేనే తీగను నీళ్లల్ల ఏసిన. బుర్ర వెట్టాలె తమ్మీ" అన్నాడు. ఆపైన, "రేపు కొత్త బ్యాచు. ఫారాలు రాసిపెట్టు" అని ఆమెకు పని చెప్పాడు.

రాజమణి ఫారాల కట్ట విప్పి, అన్నిటికంటే పైదాంట్లో ఎప్పటిలాగే గుండ్రంగా తన పేరు రాసింది. తండ్రి లేదా భర్త పేరు అన్నచోట పోశవ్వ అని రాసి, తీసుకెళ్లి లక్ష్మీరాజం చేతిలో పెట్టింది.