వెర్లా, హెల్మ్‌ఫెల్డ్

శుక్రవారం మధ్యాహ్నం దాటితే శాసనసభ భవనంలో పత్రికలవాళ్ళ గది ఖాళీ అయిపోతుంది. ఉత్తర డకోటాలో సభ రెండేళ్ళకొకసారి, అదీ ఎనభై రోజులే కూర్చుంటుంది. వారాంతం రాగానే సభ్యులు మంచు ముసరకముందే ఎవరి పొలాలకు వాళ్ళు బయలుదేరతారు. కారిన్ హాల్వర్సన్ మాత్రం తన బల్ల దగ్గరే ఉండి, వారం వారం పాఠకులకు ఈమెయిల్లో పంపే ఉత్తరం పూర్తి చేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా రాష్ట్ర రాజకీయాలు రాస్తున్న మనిషి. ఆ ఉత్తరం చివర ఎప్పుడూ ఇవే మాటలుంటాయి: "సభ గురించి మీకేం తెలుసుకోవాలనుందో అడగండి. ఈ ఉత్తరం ఎలా ఉందో చెప్పండి. పేరూ ఊరూ రాయడం మరిచిపోకండి."

పేరులేని ప్రశ్న అచ్చు వేయకూడదన్నది ఆ పత్రికలో తాతలనాటి నియమం. కారిన్‌కు ఆ నియమమంటే గర్వం. ఇంటిపేరు వదిలేస్తున్నాం కదా, ఇంకేం ఇబ్బంది అనుకునేది. డెబ్బై వేలమంది ఉన్న రాజధానిలో కూర్చున్నవాళ్ళకు అలాగే అనిపిస్తుంది. తప్పు అక్కడే జరిగింది.

ఫిబ్రవరిలో ఒక ప్రశ్న వచ్చింది. "చమురు బావుల్లోంచి వచ్చే ఉప్పునీళ్ళు నిలవచేసే గుంటల తనిఖీని కంపెనీల చేతికే ఇచ్చే బిల్లు మీద మా సెనేటర్ ఎటు ఓటేశారు? మా బావినీళ్ళు ఉప్పగా తగులుతున్నాయి, అందుకని అడుగుతున్నాను. వెర్లా, హెల్మ్‌ఫెల్డ్."

కారిన్ సంబరపడింది. హెల్మ్‌ఫెల్డ్ వైపు సెనేటర్ గేలెన్ రస్క్ కాఫీ తాగుతుంటే పట్టుకుని, ఫోన్లోంచి ఆ ప్రశ్న చదివి వినిపించింది. చివర పేరూ ఊరూ కూడా చదివేసింది.

"వెర్లానా? మా బడి బస్సు నడిపే వెర్లానే!" రస్క్ హాయిగా నవ్వాడు. "మాది ఎనభై నాలుగుమంది ఉన్న ఊరు కారిన్, ఇంకో వెర్లా ఎక్కణ్ణుంచి వస్తుంది? బిల్లుకి సరేనని ఓటేశాను, రాసుకో. అయినా ఆవిడ నన్నే అడగొచ్చుగా, ఇంత దూరం రాయడమెందుకు? పర్లేదులే, నేను పలకరిస్తాను."

కారిన్ కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుని తర్వాత ఎన్నిసార్లు సిగ్గుపడిందో ఆమెకే తెలుసు.

ఉత్తరం పదకొండు వేలమందికి వెళ్ళింది. "ఇలాంటి ప్రశ్నలే కావాలి", "శభాష్ వెర్లా" అంటూ రెండు వందల జవాబులు వచ్చిపడ్డాయి. ఆదివారం వెర్లా నుంచి ఒక్క వాక్యం వచ్చింది: "నా పేరు తీసేయడం కుదురుతుందా?" వెళ్ళిన ఉత్తరం వెనక్కి రాదనీ, అడిగినదాంట్లో తప్పేమీ లేదనీ, ధైర్యంగా ఉండమనీ కారిన్ మర్యాదగా రాసింది. ధైర్యంగా ఉండమని దూరాన ఉండి చెప్పడం ఎంత సులువో చూడండి!

ఆ తర్వాత మూడు వారాలు వెర్లా నుంచి ఉలుకూ పలుకూ లేదు. కారిన్ మనసు కీడు శంకించింది. ఒక గురువారం రెండున్నర గంటలు కారు నడుపుకుంటూ హెల్మ్‌ఫెల్డ్ వెళ్ళింది. వీధిలో ప్రతి వాకిట్లోనూ మంచు శుభ్రంగా తీసి ఉంది. ఒక్క ఇంటి ముందు మాత్రం నడుమెత్తున పేరుకుపోయింది. మధ్యలో పారతో తవ్విన సన్నటి దారి. ఎవరినీ అడగకుండానే ఇల్లు దొరికింది.

వెర్లాకు అరవై దాటాయి. తలుపు తీసి, వీధి అటూ ఇటూ చూసి, లోపలికి రమ్మంది.

"ఎవరైనా బెదిరించారా వెర్లాగారూ?"

"ఎవరూ ఏమీ అన్లేదమ్మాయీ. అనుంటే నేనూ నాలుగు అనేదాన్ని." వెర్లా కాఫీ పోసింది. "గేలెన్ తమ్ముడు డ్వేన్ పదిహేనేళ్ళుగా మా వాకిట్లో మంచు తీసేవాడు. ఇప్పుడు ట్రాక్టరు పాడైందట. సరిగ్గా పక్కింటిదాకా వచ్చాకే పాడైపోతుంది పాపం! చర్చిలో భోజనాలకి ఎప్పట్లాగే బంగాళాదుంపలూ మాంసమూ కలిపి గిన్నెడు హాట్‌డిష్ వండి పట్టుకెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా అడుగు గోక్కుని తిన్నవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు గరిటె పెట్టలేదు. నిండు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను."

"మరి మిగతావాళ్ళ బావులో?"

"అందరివీ ఉప్పగానే ఉన్నాయి. నా చెవిలో చెప్పనివాళ్ళు లేరు. కానీ సగం ఊరు ఆ కంపెనీల కూడే తింటోంది, బయటికెవరంటారు? ఇవాళ సాయంత్రం బడి బోర్డు కూర్చుంటోంది. నా బస్సు దారి ఎత్తేస్తారట. ఆ బోర్డుకి పెద్ద డ్వేనే."

"నేనూ వస్తాను."

"రా. వచ్చి ఏం చేస్తావు? రాసుకుంటావు." ఆ మాటలో కోపం లేదు. "నువ్వు అడగమన్నావు, నేనడిగాను. ఆ తర్వాత నువ్వు మీ ఊళ్ళో ఉన్నావు, నేను మా ఊళ్ళో ఉన్నాను."

కారిన్ బయటికి తీసిన నోటుపుస్తకం మళ్ళీ సంచిలో పెట్టేసింది.

సాయంత్రం ఆరింటికి బడి భోజనశాలలో ముప్పైమంది దాకా చేరారు. వచ్చే నెల నుంచి హెల్మ్‌ఫెల్డ్ బస్సును పక్క ఊరి బస్సుతో కలిపేస్తున్నామని డ్వేన్ కాగితం చూసి చదివాడు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

"ఎవరికైనా ప్రశ్నలున్నాయా?"

అందరూ తమ తమ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. సమావేశాల్లో విలేకరి నోరు విప్పకూడదు. కారిన్ ఇరవై రెండేళ్ళుగా ఆ కట్టుబాటు దాటలేదు. ఇప్పుడు లేచి నిలబడింది.

"నాకుంది. ఈ దారి ఎత్తేయాలని ఎప్పుడనుకున్నారు? వెర్లాగారి ప్రశ్న మా ఉత్తరంలో రాకముందా, వచ్చాకా?"

డ్వేన్ నవ్వాడు. అచ్చం అన్న నవ్వే. "ఇక్కడ ఊరివాళ్ళే అడగాలమ్మా, అది బోర్డు నియమం. ఊరివాళ్ళెవరైనా ఆ మాటే అడిగితే తప్పకుండా చెబుతాను." అని చుట్టూ చూశాడు. "ఎవరైనా?"

వెర్లా కూడా చుట్టూ చూసింది. పాతికేళ్ళ కిందట తను బస్సెక్కించిన పిల్లలు ఇప్పుడు తండ్రులై ఆ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. ఓటుకు పిలిస్తే మాత్రం బోర్డు సభ్యుల చేతులన్నీ ఒక్కసారే లేచాయి.

కారిన్ జరిగినదంతా రాసింది. తన తప్పు కూడా దాచకుండా రాసింది. హెల్మ్‌ఫెల్డ్ నుంచి ఒక్క జవాబు రాలేదు. అక్కడ ఇప్పటికీ పిల్లలు ఆ ఉప్పునీళ్ళే తాగుతున్నారు. ఆ రోజు తాము వదిలేసింది వెర్లాను ఒక్కదాన్నే అని ఊరంతా అనుకుంది. ప్రశ్నలు అడగమని ప్రజలను పిలిచేవాళ్ళు గానీ, పక్కవాడు ప్రశ్నిస్తే మౌనంగా కూర్చునేవాళ్ళు గానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి: అడిగిన మనిషిని ఒంటరిగా వదిలేస్తే, రేపు మన కోసం అడగడానికి ఎవరూ మిగలరు.