నున్నటి పాటల పెట్టె

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరెవరున్నారంటే నాన్న డేవిడ్‌రాజు, అమ్మ వెంకటలక్ష్మి, చిన్నాన్న బెన్హర్, మామ్మ కూర్మమ్మ, మంచం కింద గంపలో పొదుగుతున్న కోడి, చాప మీద మూడు అట్టపెట్టెలు, ఈ లెక్కలో తనని కూడా వేసుకోవాలా అక్కర్లేదా అనుకుంది మెర్సీ గుమ్మానికి ఆనుకుని, అక్కర్లేదేమో, తనకి బదులుగా తెచ్చినవే కదా ఆ మూడూ, మనిషి ఇంకా ఇంట్లోంచి కదలనే లేదు, ఆ మనిషి చోటులో ఏది పెడదామా అని మనిషి ముందే కూర్చుని ఏరుతున్నారు, ఇది గట్టిదా అది గట్టిదా, సెయ్యి జారి పడితే పగులుతాదా, ఎలక కొరికితే ఏటవుతాది అని అమ్మ అడుగుతోంది, ఎలక కొరకనిది గావాలంటే రుబ్బురోలు కొనాల ఒదినా, పాటలు రావు గానీ తరతరాలు ఉంటాది అని చిన్నాన్న, దానికి నాన్న పకపకా నవ్వడం, నవ్వండి, బాగా నవ్వండి, మే నెల ఎండకి పైన రేకులు పేలిపోతున్నాయి, కింద వీళ్ళ నవ్వులు, లోపల తనకి కడుపులో కాగు మరుగుతోంది, మూత ఎవరూ తీసి చూడరు, ఎందుకు చూస్తారు, ఈ పిల్ల ఏమీ అనదు కదా, ఏమీ అనని పిల్లకి కోపం ఎక్కడుంటుంది.

ఏమీ అనదు, నిజమే, బడిలో హాజరు పిలిస్తే పలకడానికి గొంతు పెగలక వచ్చిన రోజు కూడా రానట్టు రాయించుకున్న పిల్ల, చర్చిలో ఆడపిల్లల వరసలో నిలబడి పెదవులు మాత్రం కదిపే పిల్ల, పక్కనున్న పిల్లలు మోచేత్తో పొడిచి ఒలే నీ పాట మాకూ వినిపించీ అని ఆట పట్టిస్తే చెవులు ఎర్రబడి తల దించుకునే పిల్ల, కానీ మామ్మ గదిలో మాత్రం అలా కాదు, మామ్మ కళ్ళు చూసి విశాఖ పెద్దాసుపత్రిలో నీటికాసులన్నారు, పోయిన చూపు రాదన్నారు, అప్పట్నించీ పొద్దున్న ఒకసారి దీపాలవేళ ఒకసారి పాటల పుస్తకం పట్టుకుని మామ్మ మంచం పట్టె మీద కూర్చుని పాడేది ఎవరు, అక్కడ గొంతు ఎలా వస్తుందో తనకే తెలీదు, రేకులకి తగిలి తిరిగొచ్చేలా వస్తుంది, వీధిలో పోయే వాళ్ళు కూర్మమ్మ ఇంట్లో రేడియో ఏటి అంత బాగా పాడతన్నాది అనుకునేలా వస్తుంది, పైగా మామ్మకి రెండు చరణాలు దాటితే గుర్తుండదు, ప్రతి పాటకీ అక్కడ ఆగిపోతుంది, తరవాత ఏటే గుంటా అంటుంది, మూడోది తను అందుకుంటే గానీ పాట ముందుకి నడవదు, అంటే తను లేకపోతే మామ్మ పాటలన్నీ సగం దారిలో కూలబడతాయి, ఆ సంగతి ఈ నవ్వే వాళ్ళకి ఒక్కరికైనా తెలుసా.

అందుకే కదా పదో తరగతి మార్కులు చూసి అందరూ ఎగిరి గంతేసి విజయనగరంలో ఆడపిల్లల హాస్టలు, ఇంటరు, అంటుంటే తను ఒకే ఒక్క మాట అంది, మామ్మకి పాటలెవరు పాడతారు, నాన్నేమో భోగాపురంలో విమానాశ్రయం పనికి తాపీ పట్టుకుని పోయి వారానికొక్కసారి ఇంటికొచ్చే మనిషి, ఆయన పాడతాడా, అమ్మ పాడుతుందా, అమ్మ గొంతు కోళ్ళని పిలవడానికే చాలదు, ఆ ఒక్క మాట మీద తను హాయిగా కూర్చుంది, హాస్టలు లేదు, తెలీని మొహాలు లేవు, లేచి నిలబడి పేరు చెప్పమనే లెక్చరర్లు లేరు, అంతా సర్దుకుంది అనుకుంటే ఎవరు చెడగొట్టారు, మామ్మే, స్వయానా మామ్మే, అన్నం తింటూ తింటూ కొడుకుతో అంది, ఒరే డేవిడూ, నాకో పాటల పెట్టి కొనీయండ్రా, ఇక ఆ గుంటని పంపీయండి, ఎంత తేలిగ్గా అంది, చింతపండు కొనీయండ్రా అన్నట్టు అంది, పంపీయండి, తనేమన్నా పెరట్లో కట్టేసిన పెయ్యా, ఆ పూట నుంచి తను మామ్మతో మాట్లాడలేదు, పాడింది, కానీ అప్పగించిన పాఠంలా చప్పగా పాడింది, మామ్మ మాత్రం తరవాత ఏటే గుంటా అని ఎప్పట్లాగే అంది, ఆ అమాయకత్వం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

చిన్నాన్న పెట్టెలు విప్పుతున్నాడు, గజపతినగరంలో ఎల్లాజీ సెల్లు షాపు నుంచి తెచ్చాడు, ఒకటి ఉంచుకుని రెండు సాయంత్రం లోపల తిరిగిచ్చెయ్యాలి, ఎల్లాజీ నాకు బాగా తెలుసు గనక ఇచ్చాడు, వేరే వాళ్ళనైతే పెట్టె మీద సెయ్యి కూడా ఎయ్యనివ్వడు అని గొప్ప చెప్పుకుంటున్నాడు, మొదటిది అరచేతిలో ఇమిడేది, అంతా అద్దమే, వేలితో జరిపితే పాటల పేర్లు జరుగుతాయి, ఇది అమ్మకేటి పనికొస్తాదిరా, సూడకుండా ఎలా జరుపుతాది అని నాన్న దాన్ని పక్కన పెట్టించాడు, ఆ మాత్రం తెలివి ఉంది, రెండోది గుండ్రంగా నల్లగా గుమ్మడికాయలా ఉంది, ఎక్కడా అతుకు కనపడదు, నొక్కితే చుట్టూ ఎరుపూ పచ్చా నీలం తిరుగుతాయి, కరెంటుతో చార్జింగు పెట్టుకోవాలి, చిన్నాన్న కళ్ళు దాని మీదే ఉన్నాయి, క్రిస్మస్‌కి చర్చి ముందు పెట్టుకుని డాన్సు కట్టొచ్చని చూస్తున్నాడని ఎవరికి తెలీదు, ఇక మూడోది, బూడిద రంగు, పలకలు పలకలుగా, మీద పట్టుకోవడానికి పిడి, ముందు వరసగా బొడిపెల్లాంటి మీటలు, ఒక్కోటి ఒక్కో ఆకారం, టార్చిలైటు సెల్లులు వేసినా పని చేస్తుంది, మెమరీ కార్డు వేస్తే వందల పాటలు, వెల కూడా అన్నిటికంటే తక్కువ, కానీ ఏటిరా ఇది, పురుగుమందు డబ్బాలాగున్నాది అంది అమ్మ, డబ్బా కాదొదినా సూడు అని చిన్నాన్న దాంట్లో పాట పెట్టి, నిలబడి అలాగే కింద పడేశాడు, దబ్బుమంది, కోడి రెక్కలు కొట్టుకుంటూ లేచింది, పెట్టె మాత్రం పాడుతూనే ఉంది, ఒక్క ముక్క తడబడలేదు, నాన్న పెదవి చప్పరించాడు, గట్టిదే గానీ మొహం బాలేదురా.

మెర్సీకి ఒక్క చూపులో తెలిసిపోయింది, తెలియకుండా ఎలా ఉంటుంది, అవతల గది గుమ్మంలో కాళ్ళు జాపుకుని మామ్మ చింతపండు గింజలు తీస్తోంది, చూడకుండానే, వేళ్ళే చూస్తాయి, గింజని పట్టి పీచుని వదిలేస్తాయి, ఒక్క గింజ తప్పిపోదు, ఆ వేళ్ళకి ఆ బొడిపెలు చాలు, ఒక్క పూటలో అన్నీ కంఠతా వచ్చేస్తాయి, తుపాను వచ్చి కరెంటు రోజుల తరబడి పోయినా కిళ్ళీకొట్లో సెల్లులు దొరుకుతాయి, పాట ఆగదు, పడినా పగలదు, ఎలకకి దొరికే వైరు లేదు, అదే, అదే సరైనది, దాన్ని తెచ్చి మామ్మ ఒళ్ళో పెడితే జూన్ నెలలో ట్రంకు పెట్టె సర్దుకోవడమే, తన గొంతుకి బదులు పురుగుమందు డబ్బా, దాన్ని కింద పడేసి చూస్తారా, ఎంత గట్టిదో అని చూస్తారా, తనని ఎన్నిసార్లు పడేశారు, ఎవరైనా వంగి చూశారా పగిలిందో లేదో, ఇలా అనుకుంటూ ఉండగానే నాన్న తల తిప్పి అడిగేశాడు, మెర్సీ, రోజూ పాడేదానివి నువ్వు, నువ్వే సెప్పమ్మా, ఏది బాగున్నాది, అందరూ తిరిగి చూశారు, చెవులు వేడెక్కాయి, మామూలుగా అయితే భుజాలెగరేసి లోపలికి పోయేది, కానీ కాగు మూత ఎగిరిపోయింది, చెయ్యి లేచింది, వేలు ఆ నల్ల గుమ్మడికాయని చూపించింది, నోరు కూడా తెరుచుకుంది, అదే, అదే తీసుకోండి నాన్నా, మామ్మకి అదే బాగుంటుంది.

సూసినావేటి, గుంట మాటాడింది అన్నాడు నాన్న, ఎంత మురిసిపోయాడంటే పెట్టెని మళ్ళీ చూడను కూడా చూడలేదు, అదే ఖాయం సెయ్యిరా బెన్హరూ అన్నాడు, దానికి చిన్నాన్న, నాకు తెలుసు నా కోడలుపిల్ల పాట తెలిసిన మనిషి, కాదు కాదు మా అన్న కూతురు అని తడబడితే మళ్ళీ నవ్వులు, అమ్మ కూడా వచ్చి తల నిమిరింది, ఇంతకాలానికి ఈ ఇంట్లో తన మాట నెగ్గింది, నెగ్గిన ఆ ఒక్క మాటా అబద్ధం, అయితే అయింది, బాగా అయింది, మామ్మ రెండు రోజులు తడుముకుంటుంది, మూడో రోజు మూల పడేస్తుంది, అప్పుడు పిలుస్తుంది, ఒలే మెర్సీ రాయే అని తానే పిలుస్తుంది, పిలవనీ, చిన్నాన్న మిగతా రెండు పెట్టెలూ సంచీలో వేసుకుని, ముందు మా అమ్మకి పాట వినిపించి ఎల్తాను అని నల్లదాన్ని తీసుకెళ్ళి మామ్మ ఒళ్ళో పెట్టాడు, మామ్మ చింతపండు జిగురు కొంగుకి తుడుచుకుంది, పసిబిడ్డని అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుంది, వేళ్ళు మీద నుంచి కిందకి, చుట్టూ, మళ్ళీ చుట్టూ, మీట ఎక్కడరా, అక్కడేనమ్మా నీ ఏలు కిందే, నా ఏలు కింద ఏటీ లేదురా, బోర్లించిన మూకుడులాగ నున్నగున్నాది, ఎక్కడో తగిలింది, లోపల్నించి ఆడగొంతు ఒకటి ఇంగ్లీషులో గట్టిగా ఏదో అరిచింది, ఎర్రగా పచ్చగా వెలగడం మొదలైంది, మామ్మ ఉలిక్కిపడి ఎవుర్రా అది అంది, చిన్నాన్న విరగబడి నవ్వుతూ, భయపడకమ్మా, రంగులు రంగులుగా ఎలుగుతాది, ఎంత బాగున్నాదనుకున్నావు, మామ్మ అంది, ఎవులికిరా రంగులు.

నవ్వు ఠక్కున ఆగింది, ఎరుపూ నీలం మామ్మ మొహం మీద తిరుగుతున్నాయి, కళ్ళు కదలడం లేదు, చిన్నాన్న సంచీ భుజానికెత్తుకుని షాపు కట్టేస్తాడు అని గొణుగుతూ వీధిలోకి జారుకున్నాడు, నాన్న గొంతు సవరించుకుని, మెర్సీయే ఎంచిందమ్మా, నోరు తెరిచి సెప్పింది, అందుకే కాదనలేకపోయాను అన్నాడు, మామ్మ వేళ్ళు పెట్టె మీద ఆగిపోయాయి, గింజ దొరికినప్పుడు ఆగినట్టు ఆగాయి, మిగతావి ఎలాగున్నాయే గుంటా అంది నెమ్మదిగా, మీటలు పైకున్నది ఒకటి ఉండే ఉంటాదే, మెర్సీ లోపల్లోపలే పలుకుతోంది, ఉంది, ఉంది మామ్మా, ఉండబట్టే చెప్పలేదు, నన్ను పంపీయండి అన్నావు కదా, నీకు నేనక్కర్లేదు కదా, అయితే నువ్వూ తడుముకో, అక్కడికి వచ్చేసరికి మాట ఇక లోపల ఆగలేదు, నేనుండగా నీకు పెట్టెందుకే అని అరిచేసింది, రేకులకి తగిలి తిరిగొచ్చింది, ఇల్లంతా విన్నది, వీధి కూడా వినే ఉంటుంది, మామ్మ ఒక్కతే అదిరిపడలేదు, ఒరేయ్, గుంట గొంతు గదిలోంచి బైటికొచ్చినాదిరా అంది, నవ్వినట్టే ఉంది, నవ్వు కాదు.

మామ్మ లేచింది, పెట్టెని గడప బయట చింతపండు గంప పక్కన పెట్టింది, అది ఎర్రగా పచ్చగా తిరుగుతూనే ఉంది, గుమ్మం పట్టుకుని నిలబడి పాట ఎత్తుకుంది, రోజూ పొద్దున్న పాడేదే, మొదటి చరణం, రెండోది, ఇక్కడ ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది, తరవాత ఏటే గుంటా అంటుంది, అప్పుడు నేను నోరు విప్పను, ఈసారి విప్పను అని పళ్ళు బిగించింది మెర్సీ, మామ్మ ఆగలేదు, మూడో చరణం లోకి చెరువులోకి దిగే గేదెలా తాపీగా దిగిపోయింది, నాలుగోది, పుస్తకం చూస్తే గానీ తనకే రాని నాలుగోది, ఒక్క మాట తడబడకుండా, ఒక్క దీర్ఘం తగ్గకుండా, ముసలి గొంతు జీరగా ఉంది గానీ ఎంత గట్టిగా ఉంది, మర్చిపోలేదు, ఎప్పుడూ మర్చిపోలేదు, అయితే ఇన్నేళ్ళూ రోజుకి రెండు పూటలా ఆ అడగడం పాట కోసం కాదు, ఎవరి కోసం, ఎవరి గొంతు కోసం, మామ్మ ఒక్క చేత్తో తలుపు రెక్క పట్టుకుంది, ఎల్లు గుంటా, బైటికెల్లి పాడుకో అంది, మెర్సీ గడప మీద అడుగు వెయ్యబోయింది, మామ్మా అంది, తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది, పాట మళ్ళీ మొదటి నుంచి మొదలైంది, వీధిలో చిన్నాన్న ఇంకా బండి కిక్కు కొడుతూనే ఉన్నాడు, అది అందుకోవడం లేదు, ఒక్క కేక వేస్తే వింటాడు, బూడిద రంగు పెట్టె ఇంకా ఆ సంచీలోనే ఉంది, ముక్కుకి తగిలేంత దగ్గరగా మూసిన తలుపు చెక్కని చూస్తూ నిలబడిన మెర్సీకి కోపం పోలేదు, కానీ ఎటు తిప్పినా అది ఇక మామ్మ వైపు తిరగడం లేదు, చూపు పోయింది మామ్మకి, ఆ చీకటి మామ్మది, అందులో ఇన్నేళ్ళూ దాక్కున్నది తను.