జగన్మోహనరావుగారి రెండు ట్రైలర్లు

జగన్మోహనరావుకు తెలియని విషయం ఈ భూప్రపంచంలో లేదు. ఏలూరులో చేపల మేత అమ్ముకుంటూ, ఏరియేటర్లూ జనరేటర్లూ అద్దెకిచ్చుకునే మనిషికి ఇంత జ్ఞానం ఎక్కడినుంచి వచ్చిందయ్యా అంటే, ఫోన్లోంచి వచ్చింది. ఏ దేశంలోనో ఎవడో ఒక పికప్ వెనక రెండు ట్రైలర్లు తగిలించుకుని కొండలు దాటుతున్న వీడియో ఆయన కంటబడింది. వారం తిరక్కుండా తాడేపల్లిగూడెంలో బావమరిది షెడ్డులో మొదటి ట్రైలరు తోకకు ఒక హుక్ వెల్డింగ్ చేయించాడు. దానికి రెండోది తగిలించి, ఖాళీ ట్రైలర్లతో హైవే మీద దెందులూరు దాటి ఏలూరు దాకా వచ్చాడు. దారిలో ఎవరూ ఆపలేదు, ఏదీ ఊడలేదు. ఇక ఆయన్ని పట్టడం ఎవరివల్లా కాలేదు.

ఆ ఉదయం ఆరింటికి చంద్రకళ ఆయన దుకాణం ముందు నిలబడి ఉంది. కొల్లేటి పక్కన ఆమె లీజుకు తీసుకున్న చెరువులో చేపలు తలలు పైకి పెట్టి నోళ్లు తెరుస్తున్నాయి. మూడు రోజులుగా ముసురు. ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఉన్నవి మూలపడ్డాయి, పైగా ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి కరెంటు లేదు. ఇంతకుముందు చేసిన చెరువు కొల్లేరు సరస్సు హద్దయిన కాంటూరు లోపల ఉందని అధికారులు గట్లు కొట్టేశాక, మూడేళ్లు ఖాళీగా కూర్చుని దొరికించుకున్న చెరువు ఇది. శీలావతి, బొచ్చె చేపలు ఏపుగా ఎదిగాయి, పది రోజుల్లో పట్టుబడి. ఇంకో రెండు గంటల్లో చక్రాలు తిరిగి నీళ్లు చిలక్కపోతే అన్నీ తెల్లగా తేలతాయి. అక్కడ తమ్ముడు ప్రదీప్ ఇంజను పడవతో చెరువంతా తిరుగుతూ నీళ్లు కలబెడుతున్నాడు.

ఏరియేటర్లు ఒక ట్రైలర్లోకీ జనరేటరు ఇంకోదాంట్లోకీ ఎక్కుతుంటే డ్రైవరు జ్ఞానయ్య తల గోక్కున్నాడు. చెరువు గట్ల మీద పాతికేళ్లు బండి తోలిన మనిషి.

"అయ్యగారండీ, రెండు బళ్ల మీద పంపించేద్దామండి. పికప్‌కి రెండో ట్రైలరు కట్టడానికి పర్మిషన్ లేదండి. దీనికి నంబరూ లేదు, వెనక లైటూ లేదు."

"కొల్లేట్లో ఎవరాపుతారోయ్? చేపలు చలానా రాస్తాయా?" అని తన జోకుకు తానే నవ్వుకున్నాడు జగన్మోహనరావు.

"పోనీ బరువన్నా మార్చండి. జనరేటరు ముందు దాంట్లో వేసి, ఏరియేటర్లు వెనక దాంట్లో వేద్దాం. బరువు వెనకుంటే తోక ఊగుద్దండి."

"ముప్పై ఏళ్లుగా సరుకు పంపుతున్నాను. ముందు దింపేది ఆఖర్న ఎక్కించాలి. అక్కడ ముందు జనరేటరు దించాలా లేదా? అందుకే అది వెనకుండాలి. ఇది వ్యాపారం, నీకు తెలీదు."

కిరాణా వ్యానులో పప్పు బస్తాలు సర్దే లెక్కను టన్ను బరువున్న ఇనప ముద్దకు తగిలించాడు మహానుభావుడు. చంద్రకళకు ఒళ్లు మండింది. అయినా జిల్లా అంతా చేపలు తలలెత్తిన రోజున జనరేటరు ఉన్నవాడితో పేచీ పెట్టుకోలేక, "ఏవండీ, ఏదో ఒకటి చేయండి, తొందరగా" అంది. అన్నందుకు తరవాత తనని తానే తిట్టుకుంది.

ముగ్గురూ క్యాబిన్లో ఇరుక్కున్నారు. ఊరు దాటకముందే పాఠం మొదలైంది. ఒక్కో ట్రైలరుకూ విడిగా బ్రేకులుండాలట. హుక్ ఊడినా ఆగేలా గొలుసు కట్టాలట. మలుపుల్లో పెద్దగా తిరగాలట.

"మరి మన ట్రైలర్లకి బ్రేకులేవండీ?" అంది చంద్రకళ.

"అవి అక్కడి రూల్సమ్మా."

"గొలుసు?"

"వచ్చే వారం వేయిస్తున్నాను."

రూల్సన్నీ నోటికి వచ్చు, బండికి ఒక్కటీ లేదు. శ్రీపర్రు దగ్గర స్పీడ్‌బ్రేకర్ ఎక్కగానే వెనక ట్రైలరు అటూ ఇటూ ఊగి, పికప్‌ని కూడా ఊపింది. జ్ఞానయ్య నడక వేగానికి దించేశాడు. అలా నత్తనడకన చెరువు గట్టు ఎక్కేసరికి గంట గడిచింది.

గట్టుకు ఒక పక్క చెరువులు, ఇంకో పక్క మురుగు కాలవ. చంద్రకళ చెరువు ఇంకో ఫర్లాంగు ఉందనగా, తూము దగ్గర గట్టు మలుపు తిరుగుతుంది. జ్ఞానయ్య అక్కడ ఆపేశాడు.

"బండి తిరుగుద్దండి. మొదటి ట్రైలరు మలుపు లోపలికి కోసుకుంటూ తిరుగుద్ది. రెండోది ఇంకా లోపలికి కోసుద్ది. దానికి సరిపడా గట్టు లేదిక్కడ."

"కొండల మీద తిరిగింది, గట్టు మీద తిరగదా? పోనీవోయ్!"

పోనిచ్చాడు. చెప్పినంతా జరిగింది. వెనక ట్రైలరు చక్రం గట్టు అంచు దాటి కాలవ వైపు జారి, జనరేటరు ఒరిగిపోయింది. "రివర్స్ కొట్టు!" అని అరిచాడు జగన్మోహనరావు. ఒక ట్రైలరుంటే వెనక్కి నడపొచ్చు కానీ రెండుంటే ఏది ఎటు పోతుందో దేవుడికి కూడా తెలియదని జ్ఞానయ్య చెబుతూనే ఉన్నాడు, ఈయన అరుస్తూనే ఉన్నాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్లేసరికి రెండు ట్రైలర్లూ మడతపడి గట్టుకు అడ్డంగా నిలబడ్డాయి.

ప్రదీప్ ఫోన్ చేశాడు. "అక్కా, అన్నీ ఒడ్డుకొచ్చేస్తున్నాయి! భాస్కరరావుగారి చెరువు కుదుటపడిందంట, ఆయన జనరేటరు ట్రాక్టరు మీద పంపించారు. వచ్చిందా?"

వచ్చింది. పక్క చెరువు భాస్కరరావు ట్రాక్టరు వీళ్ల వెనకే నిలబడి హారన్ కొడుతోంది. ఏరియేటర్లు ముందు ట్రైలర్లో ఉన్నాయి, వాటికి కరెంటిచ్చే జనరేటరు వెనక ట్రాక్టరు మీదుంది. మధ్యలో గట్టుకు అడ్డంగా జగన్మోహనరావు తెలివితేటలున్నాయి.

"కంగారు పడకమ్మా. ఏలూరునుంచి క్రేను పిలిపిస్తాను, రెండు గంటల్లో వచ్చేస్తుంది" అన్నాడాయన.

"రెండు గంటలా!" అంది చంద్రకళ. ఆమె జ్ఞానయ్య వైపు చూసింది. "బాబాయ్, రెండో ట్రైలరు హుక్కు పిన్ను తీసేస్తే?"

"కాలవలో పడుద్దమ్మా."

"ముట్టుకోకండి! అది నా జనరేటరు!" అని రెండో హుక్కుకు అడ్డంగా నిలబడ్డాడు జగన్మోహనరావు.

"తప్పుకోండి. తప్పుకోకపోతే దాంతోపాటు మీరూ పడతారు" అంది చంద్రకళ. పొద్దుట్నుంచీ అణుచుకున్న కోపమంతా ఆ గొంతులో ఉంది. ఆయన తప్పుకున్నాడు. బరువుకు పిన్ను బిగుసుకుపోయింది. జ్ఞానయ్య ఎవరి ఆజ్ఞకూ ఆగకుండా బండెక్కి, బిగువు సడలేలా అంగుళం వెనక్కి జరిపాడు. చంద్రకళ పక్కనుంచి జాకీ రాడ్డుతో నాలుగు దెబ్బలు వేసింది. పిన్ను ఎగిరిపోయింది. ట్రైలరూ జనరేటరూ మురుగు కాలవలోకి దొర్లి, డొక్కల దాకా బురదలో కూరుకున్నాయి.

జ్ఞానయ్య ఒక్క ట్రైలరుతో మలుపు తిరిగాడు. వెనకే ట్రాక్టరు తిరిగింది. అరగంటలో ఏరియేటర్లు నీళ్లలో దిగి తిరిగాయి. మెల్లగా తలలన్నీ కిందికి దిగాయి. అన్నీ దిగలేదు. చెరువు మూలన కొన్ని వందలు అప్పటికే వెల్లకిలా తేలాయి. వాటిని బుట్టలోకి ఏరుతుంటే చంద్రకళకు ఏడుపాగలేదు. గట్టెక్కేలోగా ఆ రెండో ట్రైలరు తినేసిన గంట వీటి ప్రాణం.

బురద కాళ్లతో జగన్మోహనరావు వచ్చాడు. "నా జనరేటరుకు ఎవరు సమాధానం చెబుతారు?" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా చేపలకు మేత అమ్ముతున్నా ఒక్కసారి కూడా చేపను చేత్తో ముట్టుకోని మనిషి ఆయన. చంద్రకళ బుట్టలోంచి మూడు కిలోల బొచ్చెను తీసి ఆయన రెండు చేతుల్లో పెట్టింది.

"మీ జనరేటరుకు నేను చెబుతానండి. దీనికి మీరు చెప్పండి."

ఆమె ఇంకో ఖాళీ బుట్ట తీసుకుని నీళ్లలోకి దిగింది. ఏరాల్సినవి ఇంకా ఉన్నాయి.