ఐలేశం స్టూలు

రఘుపతి గిటారు పట్టిన నాటి నుంచి నిలబడే వాయించాడు. నల్లగొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు మల్లేష్ ఆర్కెస్ట్రా వస్తుందంటే జనం మొదట పాడేవాళ్లెవరని అడిగేవాళ్లు, ఆ వెంటనే గిటారాయన కూడా వస్తున్నాడా అని అడిగేవాళ్లు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడు అతను దవాఖాన పాలై, స్టెరాయిడ్ సూదుల పుణ్యమా అని బతికి బయటపడ్డాడు. మరుసటి ఏడాదికి కుడి తుంటిలో పోటు మొదలైంది. తుంటి గిన్నెలో ఉండే ఎముక గుండుకు రక్తం అందడం లేదని, అది లోపల్లోపలే చచ్చిపోతోందని డాక్టరు స్కాను ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. ఆ సూదుల వల్ల కొందరికి ఇలా అవుతుందట. ఎప్పటికైనా ఆపరేషన్ తప్పదు. అందాకా ఎక్కువసేపు నిలబడొద్దు, కింద కూర్చోవద్దు, మోకాళ్లు తుంటికంటే పైకి లేచేంత పొట్టి పీట మీద అసలే కూర్చోవద్దు.

అలా మొదలైంది కూర్చునే దాని వెతుకులాట.

ఫంక్షన్ హాళ్లలో ఉండే ప్లాస్టిక్ కుర్చీ పనికిరాలేదు. కుర్చీ చేతులకు గిటారు తగిలి, కుడి మోచెయ్యి గాలిలో తేలిపోయేది. భార్య సుహాసిని ఇంట్లో మిషన్ కుడుతుంది. ఆమె కూర్చునే చెక్క స్టూలు ఎత్తు సరిగ్గా సరిపోయింది గానీ దాన్ని బస్సులో మొయ్యడం ఎవరి తరం? చేపలు పట్టేవాళ్లు వాడే మడత పీట సంచిలో ఇమిడిపోయింది. దాని మీద మోకాళ్లు రొమ్ముదాకా వచ్చాయి, పాట అయ్యాక ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది. సెల్‌ఫోన్ల దుకాణంలో పాతబడిన పొడుగు స్టూలు తెచ్చుకుంటే కాళ్లు నేలకు అందక గిటారు తొడ మీంచి జారిపోయింది. ఆఖరికి సన్న కాళ్ల మడత కుర్చీ ఒకటి దొరికింది, చేతులు లేనిది. ఇంట్లో దాని మీద గంటసేపు హాయిగా వాయించాడు.

దేవరకొండలో ఒక పెళ్లికి దాన్ని తీసుకుపోయాడు. అక్కడ స్టేజీ అంటే బల్లల మీద బల్లలు పరిచి పైన తివాచీ వేసిందే. రెండో పాట మధ్యలో కుర్చీ కాలు బల్లల సందులో దిగబడింది. రఘుపతి గిటారుతో సహా పక్కకు కూలాడు. తాగి ఉన్నాడనుకుని ముందు వరసలో పిల్లలు నవ్వారు. పెళ్లికొడుకు తండ్రి కూడా అదే అనుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మల్లేష్ వ్యానులో అతని పక్కనే కూర్చున్నాడు. మల్లేష్ చెడ్డవాడేమీ కాదు. ఊరు దగ్గర పడుతుండగా అన్నాడు.

"రఘన్నా, పాలమూరు ఫంక్షన్‌కు మంచి స్టూలు సూసుకో. దొరకకుంటే గీ సీజన్ ఇంటికాడ ఉండు. ఇంకోసారి పడితే నీ తుంటి గాదు, పాణమే పోతది."

ఇంటికొచ్చాక సుహాసిని ఐలేశం స్టూలు మాట ఎత్తింది. ఐలేశం ఆ ఆర్కెస్ట్రాలోనే డ్రమ్స్ వాయించేవాడు. డ్రమ్ములు మల్లేష్‌వి, స్టూలు మాత్రం ఐలేశం సొంతం. మూడు లావు కాళ్లు, కింద రబ్బరు బుడిపెలు, మర తిప్పి ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బండి సీట్లు కుట్టే అతనితో నల్ల రెగ్జిన్ వేయించుకున్నాడు. మడిస్తే చంకన పట్టేది.

ఆ స్టూలు రఘుపతికి మొదటి నుంచీ గుర్తుంది. గుర్తున్నందుకే దాని పేరు ఎత్తలేదు.

ఐలేశం, అతను ఒకే పెళ్లిలో వాయించి, ఒకే వారంలో మంచం పట్టి, ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద పడ్డారు. ఐలేశం ఇంటికి రాలేదు. శవాన్ని కూడా ఇంటివాళ్లకు చూపించలేదు. రఘుపతి కోలుకున్నాక ఐలేశం ఊరు పానగల్‌కు పోయి ఐలేశం భార్య గోపమ్మను పలకరించాలి. అది లోకరీతి. అతను పోలేదు. పోతే ఆమె ఏమడుగుతుందో అతనికి తెలుసు. బస్సు పానగల్ మీదుగా పోతున్నప్పుడల్లా అవతలి వైపు చూసేవాడు.

"ఎన్ని దినాలు తప్పిచ్చుకొని తిరుగుతవు? స్టూలు ఇస్తే ఇస్తది, లేకుంటే లేదు. మనిషిని సూసి రావాలె గద," అంది సుహాసిని.

ఇద్దరూ ఆటోలో పోయారు. గోపమ్మ రోడ్డు పక్కన మిర్చిబజ్జీల బండి పెట్టుకుంది. పొయ్యి ముందు ఆమె కూర్చున్నది ఆ స్టూలు మీదే. రెగ్జిన్ మీద నూనె చుక్కలు, పిండి మరకలు. రఘుపతి కర్ర ఊతంతో దిగడం చూసి ఆమె లేచి, స్టూలును కొంగుతో తుడిచి అతని ముందు పెట్టింది.

కూర్చోగానే తెలిసిపోయింది. పాదాలు రెండూ నేలకు ఆనాయి, తొడలు సమంగా నిలిచాయి, వెన్ను తనంతట తనే నిటారుగా లేచింది. ఎన్నో నెలలుగా ఇంత నెమ్మదిగా ఎక్కడా కూర్చోలేదు. సుహాసిని సంచిలోంచి టేపు తీసి, నేల నుంచి సీటుదాకా కొలిచి, ఎందుకు కొలుస్తున్నదీ గోపమ్మకు చెప్పింది. తుంటి సంగతి, దేవరకొండ సంగతి కూడా చెప్పింది. గోపమ్మ కాగుతున్న నూనెను చూస్తూ విన్నది. బజ్జీల కోసం వచ్చిన ఇద్దరిని తరువాత రమ్మని పంపేసి, పొయ్యి తగ్గించింది.

"స్టూలు కోసమన్న వచ్చినవు. పక్క మంచమే గద నీది. ఆయన ఏమన్నడు ఆఖరికి?"

రఘుపతి దారంతా ఒక జవాబు తయారుచేసుకున్నాడు. నిద్రలోనే పోయాడు, ఏమీ తెలియలేదు, అని. ఆమె ముఖం చూశాక అది నోట్లోంచి రాలేదు.

"నిన్ను అడిగిండు వదినా."

"ఏమని?"

"గోపమ్మ యాడ పోయింది, ఒక్కసారి గూడ రాదాయె, అని."

"నేను గేటు కాడనే ఉంటి. పొద్దుగూకేదాక ఆడనే. వాచ్‌మెన్ లోపలికి రానియ్యలే. ఆ సంగతి ఆయనకు తెలుసా?"

"తెల్వదు వదినా. నాకూ తెల్వదు. బయటికొచ్చినంకనే తెల్సింది."

"ఇంకేమన్నడు?"

రఘుపతి సుహాసిని వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. "అది గూడ నన్ను ఇడిసిపెట్టింది, అన్నడు. ఆ తర్వాత మాట్లాడలే."

గోపమ్మ ఏడవలేదు. వాచ్‌మెన్ చేతికి ఒక పచ్చ దుప్పటి ఇచ్చి పంపానని, అది లోపలికి చేరిందా అని అడిగింది. చేరిందన్నాడు రఘుపతి. చేరింది నిజమే. పోయేదాకా ఐలేశం దాన్నే కప్పుకున్నాడు. కానీ ఎవరు పంపారో వార్డులో ఎవరూ చెప్పలేదు.

"దవాఖాన దుప్పటి అనుకున్నడు," అన్నాడు. ఆ ఒక్క మాటా మింగేసి ఉండాల్సింది అని అన్న మరుక్షణమే అనిపించింది.

ఆమె తల ఊపింది. పొయ్యి మళ్లీ పెంచింది. "స్టూలు ఇయ్యను రఘుపతీ. పొయ్యి కాడికి గీ ఎత్తుది నాకింకోటి లేదు. నా మోకాళ్లూ పోయినయి."

అతను లేచి స్టూలును ఆమె దగ్గరికి జరిపాడు.

ఆటోలో సుహాసిని, ఆమెకు అబద్ధం చెప్పాల్సిందేమో అంది. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సహించలేదు.

సుహాసిని కొలత పట్టుకుని హైదరాబాదులో వాద్యాల దుకాణాలు తిరిగి అలాంటి స్టూలే తెచ్చింది. సీటు గట్టిగా ఉందని స్పాంజి కోసి, వెనక కాస్త ఎత్తు, ముందుకు కాస్త వాలు వచ్చేలా మెత్త కుట్టింది. సంచి కుట్టి దానికి భుజం పట్టీ వేసింది. రఘుపతి రోజూ దాని మీదే కూర్చుని సాధన చేశాడు. పోటు రాకపోలేదు, ఆలస్యంగా వచ్చేది.

పాలమూరు ఫంక్షన్‌కు ముందే గోపమ్మ ఫోన్లు మొదలయ్యాయి. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ఆయన ఏమన్నాడో మళ్లీ చెప్పమంది. చెప్పాడు. వారం తిరగకముందే మళ్లీ చేసింది. మళ్లీ అదే అడిగింది. ఒకసారి కాస్త మెత్తబరిచి చెప్పబోతే, అప్పుడు నువ్వు చెప్పింది ఇది కాదు కదా అని పట్టుకుంది. అప్పటి నుంచి ఉన్నదున్నట్టే చెబుతున్నాడు. నంబరు చూసి ఎత్తకుండా ఉండొచ్చని సుహాసిని ఒకసారి అంది. అతను ఎత్తకుండా ఉండలేకపోయాడు.

పాలమూరులో పగటిపూట రిసెప్షను. బల్లల స్టేజీయే, తివాచీయే. మూడు కాళ్లూ గట్టిగా నిలిచాయి. గిటారు తొడ మీద కుదురుకుంది. పెళ్లికూతురి మేనమామ వచ్చి, ఈయనొక్కడు కూర్చుని వాయిస్తున్నాడేమని అడిగితే, కాలు బాగాలేదని మల్లేష్ సర్దిచెప్పాడు. రఘుపతి ఒక్క స్వరమూ తప్పకుండా మొదటి విడత పాటలు ముగించాడు. భోజనాల విరామంలో స్టేజీ వెనక, స్టూలు మీదే కూర్చుని కాలు చాపుకుని ఉండగా ఫోను మోగింది.

గోపమ్మే. వెనకాల నూనె చిటపటలు వినిపిస్తున్నాయి.

అడిగింది. చెప్పాడు. అవే మాటలు, అదే వరసలో. మల్లేష్ వచ్చి స్టేజీ వైపు చెయ్యి ఊపాడు. తోడుగా వచ్చిన సుహాసిని ఎదురుపోయి, ఒక పాట గిటారు లేకుండా కానిమ్మని చెప్పింది.

"నేను ఆడనే ఉంటి గద రఘుపతీ," అంది గోపమ్మ.

"ఉంటివి వదినా."

ఆమె ఇంకా ఏమైనా అంటుందేమోనని అతను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. అవతల ఎవరో బజ్జీలు అడిగారు. ఎన్ని కావాలని ఆమె అడగడం వినిపించింది. ఫోను మాత్రం కట్ చేయలేదు. స్టేజీ మీద అతను లేకుండానే పాట మొదలైంది.